ధాత కరువునాటి యింటి కథలు

కర్నూలు నుండి నంద్యాలకు పోవు బాటలో ఓర్వకల్లు వద్ద రాతిగుట్టలు బారులు తీరి యుండును. చూడవచ్చినవారికి అవి ముచ్చటగొల్పును గాని, వాని నడుమ జొన్నయు కొర్రయు పండించుకొని బ్రదికిన సంసారములకు వాన యొక్కటే దిక్కు. ఈ సీమ ముదుసలులు పుట్టిన యేడు అంకెలలో చెప్పెడివారు కారు. "మా నాయన ధాత కరువుకు చంకబిడ్డ" యనెడివారు.

సంవత్సరముల పేర్లు కరువును చూచి పరిహసించినట్లుండును. 1866 నాటి కరువు వచ్చినది అక్షయ నామ సంవత్సరమున! ఆనాడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు గాదెలు తెరచి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించిరి; విక్టోరియా రాణి వారికి బంగారు పతకము పంపెను. పదేండ్లకు వచ్చిన ధాతను ఏ దాతయు ఆపజాలకపోయెను.

1876లో వానలు తప్పెను. మరుసటి యేడును సరిగా కురియలేదు. కర్నూలుకు అప్పటికి రైలు లేదు. రైలుదారి గుత్తి మీదుగా పోవుచుండెను. అక్కడినుండి గింజలు తేవలసినవి ఎద్దుబండ్లు. మేత లేక ఆ యెద్దులే ముందు కూలెను. ఎద్దు పోయిన రైతు సగము పోయినట్లే. పిమ్మట ఇత్తడి బిందెలు పోయెను, తలుపుచెక్కలు పోయెను, తుదకు మెడలోని పుస్తెయు పోయెను.

సర్కారువారు కరువు పనులు పెట్టిరి. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ దొర, మగకూలికి దినమునకు ఒక పౌను గింజలును, కొద్దిపాటి రొక్కమును చాలునని నిర్ణయించెను. మండుటెండలో కంకర గొట్టువానికి ఇది చాలునా? చెన్నపట్టణపు శానిటరీ కమిషనరు కార్నిష్ దొర చాలదని గట్టిగా వాదించిన మీదటగాని కూలి పెరుగలేదు.

శ్రీరంగరాజ చరిత్రమను నవలను 1872లో వెలువరించిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారే 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును రచించిరి. నవలాకారుడు లెక్కలు వ్రాయవలసి వచ్చుట విధి వైచిత్ర్యము! 1871లో జిల్లా జనసంఖ్య 9,14,432, 1881లో 6,78,551. నలుగురిలో ఒకరు లేరన్నమాట. చచ్చినవారెందరో, వలసపోయి తిరిగి రానివారెందరో ఈ అంకె విడదీసి చెప్పదు.

అది యిండ్లలోని మాటయే చెప్పవలెను. కాని యిండ్లును కొంత దాచినవి. గంజిదొడ్లలో ఎవరు వండినదో తినిన కులము చెడునని, ముట్టక ప్రాణము విడిచినవారుండిరి. ముట్టి బ్రదికినవారు ఆ సంగతి మనుమల యెదుట ఎత్తలేదు. వంశము చెప్పుకొనునప్పుడు మాన్యములను, పంచాయతీ పెద్దరికములను చెప్పుదురు. గంజిముంత పట్టుకొని వరుసలో నిలిచిన అవ్వను విడిచిపెట్టుదురు. నా దృష్టిలో ఆ యింటికి వంశకర్త ఆమెయే. మగవాడు పని వెదకుచు పోయి రానప్పుడు, మిగిలిన బిడ్డను చంకనెత్తుకొని ఊరు చేరి, ఆ యింటిపేరు నిలిపినదియు ఆమెయే.

ధాత వెనుక ఈశ్వర గడచి, 1878లో బహుధాన్య వచ్చెను. విత్తనపు గింజలు మిగిలినవారు విత్తిరి. 1901 జనాభా లెక్కలలో జిల్లా సంఖ్య 8,72,055. ముప్పది యేండ్లు గడచినను 1871 నాటి అంకె అందలేదు.