ఇడైసెవల్ నుంచి కౌలాలంపూర్ దాకా

జూలై 5 కు. అళగిరిసామి వర్ధంతి. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో కథలు రాసి, మలయాలో పత్రిక నడిపిన మనిషి. మన తెలుగువాళ్ళు ఆయన్ను ఇంతగా మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

విజయనగర కాలం నుంచీ మనవాళ్ళు ఆ సీమకు వలస పోతూనే ఉన్నారు. మదుర నాయకుల ఏలుబడిలో పాలెగాళ్ళయ్యారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి తెలుగు పాలెగాళ్ళవే. 1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు కయత్తారులో ఉరితీశారు. ఆ తరువాత ఆ నల్లరేగడి సీమకు పత్తి, మిరప, రైలు వచ్చాయి. 1923లో ఆ సీమలోని విరుదుపట్టి పట్టణం విరుదునగర్ అయింది. ఆ ఏడాదే సెప్టెంబరులో వారం తేడాతో ఇడైసెవల్‌లో ఇద్దరు పుట్టారు: కి. రాజనారాయణన్, అళగిరిసామి. ఇద్దరి ఇంటి భాషా తెలుగే. ఇద్దరికీ తమిళ కథాసాహిత్యంలో పెద్దపీట.

కి. రాజనారాయణన్ (కి.రా.) చాలాకాలం ఊళ్ళోనే సేద్యం చేసుకుంటూ ఉన్నారు. అళగిరిసామి గుమాస్తా ఉద్యోగం వదిలి మద్రాసు పత్రికల్లో చేరారు. 1952లో ఓడ దాటి కౌలాలంపూర్ వెళ్ళి ‘తమిళ్ నేసన్’ పత్రికలో కూర్చున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా మలయాలో తుపాకుల మోత ఆగని రోజులవి. రబ్బరు తోటల కూలీల పిల్లలు, బడిపంతుళ్ళు కథలు రాసి పంపేవారు. ఆయన వాటిని దిద్ది, రాసినవాళ్ళను పిలిచి, కథంటే ఏమిటో ఓపిగ్గా చెప్పేవారు. మలేసియా తమిళ కథకు అదే గట్టి పునాది అని నా నమ్మకం. సంగీతం తెలిసిన సీతాలక్ష్మితో పెళ్ళి కూడా అక్కడే. 1957లో, మలయా స్వతంత్రమైన ఏడే, తిరిగొచ్చారు.

ఆయన కథ ‘రాజా వందిరుక్కిరార్’ చదివితే ఆ మనసు తెలుస్తుంది. దీపావళి ముందు రాత్రి, ఒంటినిండా పుండ్లతో ఒక అనాథ పిల్లవాడు పేదింటి గుమ్మంలోకి వస్తాడు. పేరు రాజా. తల్లి వాడికి తలంటి నీళ్ళు పోసి, భర్త కోసం కొన్న తువాలు కట్టబెడుతుంది. దానం చేస్తున్నామన్న ధోరణే కథలో కనిపించదు. నేను చదివిన ధర్మకార్యాల కథల్లో ఇంతకు మించినది లేదు.

మలయా నుంచి వచ్చాక ‘నవశక్తి’ పత్రిక, అనువాదాలు, కంబ రామాయణ పరిష్కరణ. గోర్కీ రచనలను తమిళంలోకి తెచ్చారు. 1970లో ‘సోవియట్ నాడు’ పత్రికలో చేరారు. మన ఇళ్ళల్లో పుస్తకాలకు అట్టలు వేసుకున్న ‘సోవియట్ భూమి’కి తమిళ తోబుట్టువు అది. సోవియట్ స్నేహప్రచారం ఈ పత్రికల ద్వారానే ఊరూరా చేరింది. ‘సోవియట్ నాడు’ బల్ల దగ్గర అళగిరిసామి ఎంతోకాలం లేరు. ఆ జూలైలోనే, నలభై ఏడు నిండకుండా పోయారు. ఆయన కథల సంపుటి ‘అన్బళిప్పు’కు సాహిత్య అకాడమీ బహుమతి పోయాకే వచ్చింది.

ఇప్పుడు కోవిల్‌పట్టి అంటే పల్లీపట్టీ, 2020లో దానికొచ్చిన భౌగోళిక గుర్తింపూ. 2022లో కి.రా.కు అక్కడ స్మారక మందిరం కట్టారు, సంతోషం. అళగిరిసామి మలయా రోజుల మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రావాలి. మన ప్రచురణకర్తలు ఆ బాధ్యత తీసుకోవాలి.