పాలకొల్లు కుర్రాడు.. తన కోసమే మాండలిన్‌ను మార్చేశాడు!

హెవీ మెటల్ గిటారిస్టులకు వాళ్ల పేరుతోనే సిగ్నేచర్ గిటార్లు వస్తుంటాయి. స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ 1990లో ఏకంగా 7 తీగల గిటార్ తెచ్చింది. మన దగ్గరా అలాంటి ముచ్చట ఉంది. తాడేపల్లిగూడెం ఉన్న పశ్చిమగోదావరి జిల్లాలోనే, పాలకొల్లులో 1969లో పుట్టారు మాండలిన్ శ్రీనివాస్.

మామూలు మాండలిన్‌కు 4 జతల తీగలు. మీటిన నాదం చప్పున ఆగిపోతుంది. జంట తీగలపై గమకం పలికించడం కష్టం. అందుకే ఆయన 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. తీగ కదలికను పికప్ పట్టుకుంటుంది, యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. దాంతో నాదం నిలిచింది, గమకం పలికింది.

1978లో గుడివాడలో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ. గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తోనూ వాయించారు. 2014లో 45 ఏళ్లకే కన్నుమూశారు. కానీ కర్ణాటక కచేరీలో మాండలిన్‌కు ఆయన తెచ్చిన చోటు అలాగే ఉంది.