ఏ కాలానికి ఆ పుస్తకం



పుస్తకం చదవడానికి కాలమేమిటి, ఎప్పుడు చదివితే నేమి అని కొందరు మిత్రులు అంటుంటారు. కాలాన్ని బట్టి చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కార్తీకంలో కార్తీక పురాణం, మాఘంలో మాఘ పురాణం రోజుకొక అధ్యాయం చొప్పున చదివించుకొనేవారు. వానలు మొహం చాటేస్తే ఊళ్ళో విరాటపర్వం పెట్టించేవారు. అక్షరం రాని వారి చెవిన కూడా తిక్కన గారి పద్యాలు అలాగే పడ్డాయి. ఏ పుస్తకం ఎప్పుడు తీయాలో పంచాంగమే చెప్పేది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ బాధ్యతను గ్రంథాలయోద్యమం తలకెత్తుకొన్నదని నేననుకొంటాను.

మన నగరంలో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైన పెద్దలు దానికి మూలస్తంభాలు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమ ఎంతో ఉంది.

పాఠకుడు వచ్చేదాకా కూర్చోకుండా, పుస్తకాన్నే అతని దగ్గరకు తీసుకుపోవాలన్నది ఆనాటి వారి పట్టుదల. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మారు. సమయానికి చేరిన పుస్తకమే చదవబడుతుందని ఈ ఇద్దరికీ తెలుసు.

1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ రోజు జ్ఞాపకంగానే 1968 నుంచి ఏటా నవంబరు 14 మొదలు 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. తర్వాత చట్టాలు వచ్చాయి: 1955లో హైదరాబాదు రాష్ట్రానికి, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనందరం కడుతున్నదే. చాలామందికి ఆ సంగతే గుర్తుండదు.

ఇక మా జూబ్లీ హిల్స్ విషయానికి వస్తాను. చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చి, 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ తర్వాత ఫిలిం నగర్ ఏర్పడిన ప్రాంతమిది. ఇక్కడ పుస్తకం మాట ఎత్తాలంటే సినిమా మాట ఎత్తడం తేలిక. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. విశ్వనాథ వారి 'ఏకవీర' 1969లో తెర కెక్కింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో చిత్రాలుగా వచ్చాయి. ఈ సినిమాలు చూసిన మన తరం ఆ నవలల కోసం లైబ్రరీలో వరుసలో నిలబడింది. నేను వెళ్ళే ఒక శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు దినపత్రికల బల్ల దగ్గర కుర్చీ దొరకదు, నవలల బీరువా తాళం మాత్రం తీసే పని పడదు. అడిగేవారు లేకపోవడమే కారణం.

అందుకని నాకు తోచిన వరుస ఇక్కడ ఇస్తున్నాను.

వేసవి సెలవుల్లో మనుమలు ఇంట్లో ఉంటారు. ముళ్ళపూడి వారి 'బుడుగు', మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం' రోజుకు పది పేజీలు చదివి వినిపించండి. తెలుగు చదవలేని పిల్లలు కూడా నవ్వుతారు. ఆ నవ్వే వారిని అక్షరాల దాకా తీసుకొస్తుంది.

వానాకాలంలో విరాటపర్వం, రైతు కుటుంబం కథ అయిన వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టిమనిషి' చదవవచ్చు. ఆగస్టు 15కు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' తగినది. జైలులో వ్రాసిన ఈ నవలను ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. సెప్టెంబరు 17 నాటికి ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు' తీయండి. రెండవది సినిమాగా కూడా వచ్చింది.

నవంబరు వారోత్సవాల్లో సినిమాలైన నవలలన్నీ ఒక బల్ల మీద పెట్టమని లైబ్రేరియన్‌ గారిని కోరవచ్చు. దీనికి ఖర్చేమీ లేదు. పక్కన ఆ సినిమా పేరు, సంవత్సరం వ్రాసిన కాగితం చాలు. ఆ కాగితం వ్రాసే ఓపిక, జ్ఞాపకశక్తి మన పెన్షనర్లకే ఉన్నాయి.

సంక్రాంతికి బంధువులందరూ కూడినప్పుడు 'కన్యాశుల్కం' పాత్రలు పంచుకొని చదవండి. ఇంటింటా ఒక గిరీశం ఉండనే ఉంటాడు!

కంటి చూపు మందగించిన మిత్రులు మనలో ఎందరో ఉన్నారు. వారింటికి వారానికొకసారి వెళ్ళి ఒక గంట చదివి వినిపించగలిగితే, పాత పురాణ కాలక్షేపం మళ్ళీ మొదలైనట్లే. సభ్యులు తమ పేటలోని శాఖా గ్రంథాలయంలో ఈ నెలలోనే సభ్యత్వం తీసుకొని, కనీసం ఒక్క పుస్తకం పేరు పెట్టి అడగవలసిందిగా నా మనవి. పన్ను ఎలాగూ కడుతున్నాం. అడగని పుస్తకం బీరువాలోనే పాతబడిపోతుంది.