ఆశ్రితశునకము – గృహస్థధర్మము

కుక్క మన వాకిట నెన్నటినుండి యున్నదో చెప్ప నలవి గాదు. ఇంటిలోనికి వచ్చుటకు మాత్రము దానికి నేటికిని విచారణ తప్పలేదు. రాయలసీమ పల్లెలలో అది గొఱ్ఱెలమందను, కల్లమును కాచి, మిగిలిన సంగటిముద్దతో తృప్తి నొందును. ఆశ్రయశాలనుండి దిక్కులేని కుక్కను తెచ్చి పెంచుకొనుట వేఱు విషయము. మదనపల్లె ప్రాంతమందలి పెద్దతిప్పసముద్రమున నొక కుటుంబ మట్టి యాలోచనలో నున్నదనుకొందము. పిల్లలు తక్షణమే సమ్మతింతురు. అవ్వ మడి చెడునని యడ్డగించును. గృహస్థు వ్యయమును లెక్కించును. గృహిణి మౌనము వహించును. ఆ మౌనమును సమ్మతిగా నెంచుట మన యిండ్ల యలవాటు.

అవ్వ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అది భారతమంత ప్రాచీనమైనది. మహాప్రస్థానమున ధర్మరాజును స్వర్గమునకు పిలువవచ్చిన యింద్రుడు, కుక్కలను పెంచువారికి స్వర్గమున చోటు లేదనియు, కుక్క చూచిన హవిస్సు చెడుననియు చెప్పెను. ధర్మరాజు కుక్క శుచియైనదని వాదింపలేదు. నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట మహాపాతకమని మాత్రమే పలికి, స్వర్గమునే కాదనెను. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు యజ్ఞస్థలమున నిరపరాధియైన కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలువదీసి శపించెను. ఈ కథను నన్నయయు, ఆ కథను తిక్కనయు తెలుగువారి కందించిరి. ఒక కుక్కకు జరిగిన యన్యాయముతో మొదలైన గ్రంథము, తుద కొక కుక్కను విడువనొల్లని రాజును చూపుట యాలోచింపదగిన విషయము.

అయినను ఈ ధర్మము చాలకాలము గ్రంథములందే నిలిచెను. లండనులో 1860లో మేరీ టీల్బీ యను నామె దిక్కులేని కుక్కల కొక శరణాలయమును నెలకొల్పెను. మఱుసటి యేట కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ జంతుహింసానివారణ సంఘమును స్థాపించెను. అనిబిసెంటమ్మ 1915లో మదనపల్లెలో కళాశాలను నెలకొల్పినది గదా. ఆమె నడపిన దివ్యజ్ఞానసమాజమునకే చెందిన రుక్మిణీదేవి అరండేల్, 1952లో రాజ్యసభ సభ్యురాలై, జంతుహింసానివారణకు స్వయముగా బిల్లును తెచ్చెను. ప్రభుత్వమే చట్టము చేయునని నెహ్రూ మాట యీయగా దానిని విరమించుకొనెను. ఆ చట్టము 1960లో వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును కారణము లేక విడిచిపెట్టుట ఆ చట్టమున నేరము. తొలి నేరమునకు జుల్మానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వఱకు మాత్రమే. ధర్మరాజు స్వర్గముకంటె మిన్నగా నెంచినదానికి మనము కట్టిన వెల యిది!

మద్రాసులో కెప్టెన్ వి. సుందరం 1959లో ఆరంభించిన బ్లూ క్రాస్ సంస్థ, వీధికుక్కలను చంపుటకు మాఱుగా సంతాననిరోధ శస్త్రచికిత్స చేయవలెనని 1964నుండి వాదించెను. ఆ నగరపాలకులు దాని నంగీకరించుటకు 1996 కావలసివచ్చెను. 2001లో దేశమంతటికి నియమము లేర్పడెను. వాని స్థానమున 2023లో క్రొత్తవి వచ్చెను. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు, ఢిల్లీ వీధికుక్కల వ్యవహారమున, ఇష్టపడువారు వానిని పెంపునకు తీసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్నది మరల వీధికి రాకుండ చూచుట వారి బాధ్యతయనియు ఆదేశించెను. ధర్మరాజు పలుకే న్యాయస్థానపు భాషలో మరల వినవచ్చినది.

కావున ఆ కుటుంబము విచారింపవలసినది కుక్క శుచియా యని కాదు; తాము స్థిరులమా యని. కుక్క పది పండ్రెండేండ్లు బ్రదుకును. నేడు ముచ్చటపడిన బాలుడు చదువునకై పట్టణమునకు పోవును. కుక్క యింటనే యుండును. అప్పుడు దానికి కూడు పెట్టువారెవరు? మూత్రమును కడుగువారెవరు? ఈ పనియంతయు గృహిణి తలపై పడునదైన, ముందుగా నడుగవలసిన దామెనే. ఆమె కాదన్నచో ఆ మాటయే తీర్పు కావలెను. ఏటేట వెఱ్ఱికుక్కవ్యాధి టీకా వేయింపవలెను. ఆ వ్యాధి లక్షణములు పొడచూపిన పిదప మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి యరుదు. అవ్వ మడికి వంటిల్లు, పూజగది విడిచి, పంచలో కుక్కకు చోటు చూపినచో ఆమె మనసును నొవ్వదు.

ఇవన్నియు కుదిరినచో నిస్సందేహముగా తేవచ్చును. కుదరనిచో ఆశ్రయశాలకు బియ్యమో రొక్కమో పంపి యూరకుండుట మేలు. ఒకమాఱు దిక్కులేనిదై, ఇల్లు దొరకెనని నమ్మి, మరల వీధిపాలైన కుక్కకు జరుగు నపకారము మొదటిదానికంటె పెద్దది. సోదరసోదరీమణులు ఉత్సాహము చల్లారు వఱకు ఆగి, పిదప నిర్ణయింతురుగాక.