58 మంది పోయాక పుట్టిన పరీక్ష: ప్రెషర్ వెసెల్ ఇన్‌స్పెక్టర్ కథ



పోయిన నెల నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు గల్ఫ్ నుంచి ఫోన్ చేశాడు. వాడు మెకానికల్, నేను కంప్యూటర్స్. రిఫైనరీలో పని. ఏపీఐ 510 అనే పరీక్ష ఒకసారి తప్పాడు, మళ్ళీ రాస్తున్నాడు. "ఆ సర్టిఫికెట్ లేకపోతే పని రాదారా?" అని అడిగాను. "పని వస్తుంది మామా, సంతకం పెట్టే హక్కు రాదు" అన్నాడు.

ఈ ఎపిసోడ్ ఆ సంతకం గురించే.

ముందు ప్రెషర్ వెసెల్ అంటే ఏంటో చూద్దాం. మీ వంటింట్లో కుక్కర్ ఉంది కదా, అదే చిన్న ప్రెషర్ వెసెల్. గ్యాస్ ప్లాంట్లలో కనపడే పెద్ద పెద్ద ట్యాంకులు, మెకానిక్ షాపులో గాలి ట్యాంకు, అన్నీ ఆ జాతే. బాయిలర్ వీటికి అన్న లాంటిది, కింద మంట పెట్టి ఆవిరి పుట్టిస్తుంది.

ఇప్పుడు 1905 మార్చి 20కి వెళ్దాం. అమెరికా, మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాక్‌టన్. బూట్ల తయారీకి పేరున్న ఊరు. గ్రోవర్ షూ ఫ్యాక్టరీ, నాలుగంతస్తుల చెక్క బిల్డింగ్. కొత్త బాయిలర్ ఆపి ఉంది, దాని బదులు పాతది వెలిగించారు. పొద్దున ఎనిమిది కాకముందే అది పేలింది. కప్పు చీల్చుకుని ఎగిరి, పక్క ఇళ్ళను గుద్దుకుంటూ పోయింది. బిల్డింగ్ కూలింది, మంటలు అంటుకున్నాయి. 58 మంది చనిపోయారు. చాలామందిని గుర్తుపట్టలేక ఒకే చోట పూడ్చిపెట్టారు.

అంత బలం ఎక్కడిది? నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. బాయిలర్‌లో నీళ్ళు వంద డిగ్రీలు ఎప్పుడో దాటేసి, ప్రెషర్ వల్లే నీళ్ళలా ఉంటాయి. రేకు చిరిగిందో, వాటిలో కొంత భాగం ఒక్క క్షణంలో ఆవిరైపోతుంది.

రేకు ఎందుకు చిరిగిందంటే, అప్పట్లో ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు వేసి రివెట్లు కొట్టేవాళ్ళు. ఆ అతుకు దగ్గర గుండ్రం సరిగ్గా రాదు. ప్రెషర్ ఎక్కిన ప్రతిసారీ అక్కడ కొంచెం వంగుతుంది, దిగితే వెనక్కి వస్తుంది. అలా ఏళ్ళ తరబడి. పగులు పుట్టింది, కానీ రెండు రేకుల మధ్య దాక్కుంది. బయట నిలబడి చూస్తే ఏమీ కనపడదు. 'బాగానే ఉంది' అనడానికి కళ్ళు చాలవు, ఎక్కడ ఏం దాక్కుంటుందో తెలియాలి.

1907లో మసాచుసెట్స్ బాయిలర్ రూల్స్ చట్టం తెచ్చింది. తర్వాత ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూల్. ఒకచోట పాసైన బాయిలర్ ఇంకోచోట చెల్లదు. అందుకని ఏఎస్‌ఎంఈ అనే మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1915లో 114 పేజీల కోడ్ విడుదల చేసింది. 1919లో ఒహాయో చీఫ్ ఇన్‌స్పెక్టర్ కార్ల్ మయర్స్ మిగతా రాష్ట్రాల వాళ్ళని కూడగట్టి నేషనల్ బోర్డ్ పెట్టించారు. ఒకటే కోడ్, ఒకటే ముద్ర, ఇన్‌స్పెక్టర్లందరికీ ఒకటే పరీక్ష. మన దేశంలో 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది, దాని స్థానంలో 2025లో కొత్తది తెచ్చారు.

ఇక మావాడి పరీక్ష. 170 ప్రశ్నలు. 110 పుస్తకం మూసి, 60 పుస్తకం తెరిచి. చదువు తక్కువైతే అనుభవం ఎక్కువ ఏళ్ళు అడుగుతారు. పాసైనా మూడేళ్ళే, తర్వాత రెన్యువల్.

లెక్క ఒకటి చెప్తా. గోడ మందం ఇప్పుడు 12 మిల్లీమీటర్లు, కనీసం 10 ఉండాలి, ఏడాదికి 0.2 తుప్పు తింటోంది. అంటే మిగిలిన ఆయుష్షు పదేళ్ళు. మరి లోపలికి దిగి మళ్ళీ ఎప్పుడు చూడాలి? పదేళ్ళకి కాదు, అందులో సగం, ఐదేళ్ళ లోపు. ఎందుకంటే మన కొలత తప్పయ్యే ఛాన్స్ ఉంది, తుప్పు స్పీడ్ పెరిగే ఛాన్స్ కూడా ఉంది. ఆ రూల్‌లోనే 'నా లెక్క తప్పు కావచ్చు' అన్న వినయం ఉంది.

నాకు ఆ వినయం లేదు. జాబ్‌లో ఉన్నప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం, కొలీగ్ పంపిన కోడ్ చదవకుండానే 'ఓకే' కొట్టి ఇంటికెళ్ళిపోయా. రాత్రంతా పేమెంట్లు ఆగిపోయాయి. ఎవరికీ ఏం కాలేదు, సోమవారం నవ్వుకున్నాం కూడా. నా 'ఓకే' కూడా సంతకమే అని ఆ రోజు తట్టలేదు.

ఈ కథ చదివాక మావాడికి ఫోన్ చేశా. "ప్లాంట్ ఆపితే నష్టం, మేనేజర్ పక్కనే నిలబడి తొందరపెడతాడు. అప్పుడు ఏం చేస్తావురా?" అన్నా.

"అందుకేగా మామా, రెండోసారి చదువుతున్నా. వద్దు అనాలంటే నాకు పూర్తిగా తెలిసుండాలి."

పరీక్ష వచ్చే నెల. వాడికి ఆల్ ది బెస్ట్ చెప్పండి. అలాగే మీ ఇంట్లో కుక్కర్ సేఫ్టీ వాల్వ్ మార్చి ఎన్నాళ్ళైందో ఒకసారి చూడండి. ఇవాళే.

మళ్ళీ కలుద్దాం.