ఆసనం సరే, మరి మనసు?

మొన్న మా ఆఫీసులో యోగా క్లాసు పెట్టారు. 12 సూర్య నమస్కారాలు, చివర్లో శవాసనం. "ఇప్పుడు ఏమీ ఆలోచించకండి" అన్నాడు టీచరు. అంతే, ముందురోజు రాత్రి పడిపోయిన సర్వరు గుర్తొచ్చింది. శవంలా పడుకుంది ఒళ్ళు మాత్రమే, మనసు లాగ్ ఫైళ్ళు వెతుక్కుంటోంది.

ఇంటికొచ్చాక మా ధర్మపురి శేషప్ప కవి గుర్తొచ్చాడు. ఆయన రాసిన నరసింహ శతకంలోంచి మనలో చాలామంది బడిలో ఒకటో రెండో పద్యాలు బట్టీ పట్టే ఉంటారు. అందులో ఒక పద్యంలో ఆయన తనకు చేతకానివన్నీ వరసపెట్టి ఒప్పేసుకుంటాడు. గోదావరిలో మునుగుదామంటే చన్నీళ్ళకి తట్టుకోలేను, యాత్రలకి నడవలేను, దానానికి డబ్బు లేదు, తపస్సు చేద్దామంటే మనసు నిమిషం కూడా నిలవదు. కాబట్టి నాకు చేతనైనంతలో నిన్ను తలుచుకుంటాను, అంటాడు.

ఈ మాట ఎవరితో అంటున్నాడో చూడండి. ధర్మపురి (2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా) గుళ్ళో ఉన్నది యోగానంద నరసింహుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రం చల్లారి యోగంలో కూర్చున్న స్వామి. శిల్పాల్లో యోగ నరసింహుడంటే మామూలుగా మోకాళ్ళ చుట్టూ పట్టీ బిగించి కదలకుండా కూర్చున్న రూపమే. అంత కోపాన్ని కూర్చోబెట్టిన దేవుడి దగ్గర "నా మనసు కూర్చోవడం లేదయ్యా" అని మొరపెట్టుకున్నాడన్నమాట. యోగం గురించి ఇంత నిజాయితీ గల మాట నేను ఇంకెక్కడా చదవలేదు.

అసలు మా వైపు ఈ కూర్చోవడం నరసింహుడి కంటే పాతది. ధూళికట్టలో (ఇప్పుడు పెద్దపల్లి జిల్లా) 1970ల్లో బౌద్ధ స్తూపం తవ్వి తీశారు. అక్కడి ఫలకాల మీద ముచిలింద నాగు ఉంటాడు, ధ్యానంలో ఉన్న బుద్ధుడికి వానలో పడగ పట్టాడని చెప్పేది ఆయన గురించే. గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అదే రాతి మీదున్న తీర్థంకరులు ఏం చేస్తున్నారో మాత్రం ఎవరూ అడగరు. ధ్యానం చేస్తున్నారు! దేవుడు, ఆత్మ అనేసరికి ఒకరితో ఒకరు గట్టిగా వాదించుకున్న ఈ మూడు మతాలవాళ్ళూ, మనసు నిలపాలన్న దగ్గర మాత్రం ఒక్కటే.

పుస్తకాల్లోనూ ఇంతే. పతంజలి సూత్రాలు 195 అనుకుంటే (కొన్ని ప్రతుల్లో 196), ఆసనం గురించి ఉన్నవి 3. యోగమంటే మనసు కదలికల్ని ఆపడమని రెండో సూత్రంలోనే తేల్చేశాడు. పదిహేనో శతాబ్దపు హఠప్రదీపికలో ఆసనాలు 15, వాటిలో ఎక్కువ భాగం కూర్చుని వేసేవే. చివరికి అదీ రాజయోగానికి మెట్టే.

మరి ఇప్పుడు మనం చేసేది? 1930ల్లో మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య కుర్రాళ్ళకు నేర్పిన పద్ధతి, ఆయన శిష్యుడు అయ్యంగారు 1966లో వేసిన పుస్తకం, ఇలాంటి వాటి నుంచే చాలావరకు ప్రపంచమంతా పాకింది. అంతకుముందు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడి, ఆ ఏడే అమెరికా వెళ్ళిన వివేకానందుడు 1896లో రాజయోగం పుస్తకం తెచ్చినప్పుడు ఆసనాలకిచ్చిన చోటు చాలా తక్కువ. 2015 జూన్ 21న మొదటి యోగా దినోత్సవం వచ్చేసరికి మైదానాల నిండా చాపలు పరిచారు.

ఇందులో తప్పేమీ లేదు. అబద్ధమెందుకు, నాకూ నడుంనొప్పి తగ్గింది. కాకపోతే నడుంనొప్పి తగ్గగానే యోగం వచ్చేసిందనుకుంటే, హలో వరల్డ్ రాసి ప్రాజెక్టు డెలివరీ అయిందన్నట్టే.

నిన్న క్లాసు అయ్యాక అందరూ చాపలు చుట్టేస్తుంటే ఓ మూల కళ్ళు మూసుకు కూర్చున్నా. వేరే ఆలోచన రాకుండా ఎన్ని శ్వాసలు లెక్కపెట్టగలనో చూద్దామని. నాలుగు! అయిదోదానికి మళ్ళీ సర్వరు వచ్చేసింది. శేషప్ప గారు చేతకాదన్న నిమిషం నాకు ఇంకా చాలా దూరం.