అనుమతిపత్రం ఇచ్చిన చేయి: తొలి సోవియట్ టాకీలో బాలనేర చిత్రణ

1931 జూన్ 1న మాస్కోలో విడుదలైన 'పుత్యోవ్కా వ్ జీజ్న్' సోవియట్ యూనియన్‌లో తొలి కథాత్మక శబ్దచిత్రంగా సినిమా చరిత్రలో స్థానం పొందింది. దీని దర్శకుడు నికొలాయ్ ఎక్, నిర్మాణ సంస్థ మెఝ్‌రబ్‌పొంఫిల్మ్. వీధుల్లో దొంగతనాలతో పొట్టపోసుకునే బాలురను ఒక శ్రామిక కమ్యూన్ మనుషులుగా నిలబెట్టడం ఇందులోని ఇతివృత్తం. ఇంగ్లీషు ప్రపంచంలో ఈ చిత్రం 'రోడ్ టు లైఫ్' అనే పేరుతో ప్రసిద్ధమైంది.

ఈ అనువాద శీర్షిక రెండు చిక్కులకు దారితీసింది. అంతోన్ మకారెంకో 1933-35 మధ్య ప్రచురించిన 'పెదగొగీచెస్కయ పొయేమా' అనే గ్రంథం కూడా ఇంగ్లీషులో ఇదే పేరుతో వెలువడింది. అందువల్ల చిత్రానికి ఆ గ్రంథమే మూలమన్న అభిప్రాయం వ్యాపించింది. గ్రంథం చిత్రం తరువాత వచ్చినది గనుక ఆ అభిప్రాయం నిలవదు. రెండో చిక్కు ఇంతకంటె లోతైనది. రష్యన్‌లో 'పూత్' అంటే దారి. దానినుండి ఏర్పడిన 'పుత్యోవ్కా' అనే పదానికి అర్థం దారి కాదు. ఒక సంస్థ ఒక వ్యక్తిని ఒకచోటికి పంపుతూ రాసి ఇచ్చే పత్రం. ఈ లెక్కన మూల శీర్షికకు 'జీవితంలోకి అనుమతిపత్రం' అన్నది దగ్గరి తెలుగు. బాట మీద ఎవరైనా నడవవచ్చు. పత్రం మాత్రం ఒకరు ఇస్తేనే ఒకరికి దక్కుతుంది. ఇచ్చిన చేతికి దానిని వెనక్కి తీసుకొనే అధికారమూ ఉంటుంది. ఈ చిత్రపు కరుణనూ, దాని పరిమితినీ, దానితో ముడిపడిన మనుషుల తరువాతి గతినీ ఈ అర్థభేదం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలనాపాలనా లేనివారు

చిత్రంలోని బాలురను రష్యన్‌లో 'బెస్‌ప్రిజోర్నికీ' అంటారు. 'ప్రిజోర్' అంటే కనిపెట్టి చూసుకోవడం. అది లేనివారు బెస్‌ప్రిజోర్నికీ. 'అనాథ' అనే మాట దీనికి సరిగా సరిపోదు. వీరిలో తల్లిదండ్రులు బతికి ఉన్నవారు కూడా ఉన్నారు. 'ఆలనాపాలనా లేనివారు' అన్న తెలుగు పలుకుబడి మూలార్థాన్ని దాదాపు పూర్తిగా పట్టుకుంటుంది.

మొదటి ప్రపంచయుద్ధం, అంతర్యుద్ధం, టైఫస్ జ్వరాలు, 1921-22లో వోల్గా పరీవాహక ప్రాంతాన్ని కబళించిన కరవు కలిసి ఈ బాలలను వీధిపాలు చేశాయి. 1922 నాటికి వీరి సంఖ్య 70 లక్షల దాకా ఉండవచ్చన్న అంచనా చరిత్రకారుల రచనల్లో తరచు కనిపిస్తుంది. రైల్వే స్టేషన్లు, నేలమాళిగలు, తారు మరిగించే పెద్ద డేగిసాలు వీరికి ఇళ్లయ్యాయి.

విప్లవ ప్రభుత్వం తొలి రోజుల్లో బాలనేరం పట్ల అనుసరించిన వైఖరి ఆ కాలానికి అసాధారణమైనది. 1918 జనవరిలో వెలువడిన శాసనం 17 ఏళ్లలోపు వారికి న్యాయస్థాన విచారణనూ, కారాగార శిక్షనూ రద్దుచేసి, వారి విషయాలను ప్రత్యేక కమిషన్లకు అప్పగించింది. పరిస్థితులు మారితే బాలుడు మారతాడన్నది దాని వెనుక ఉన్న సిద్ధాంతం. 1921లో బాలల జీవన పరిస్థితులను మెరుగుపరచడానికి ఏర్పడిన కమిషన్‌కు ఫేలిక్స్ జెర్జీన్‌స్కీ అధ్యక్షుడయ్యాడు. ఆయన అప్పటికే చేకా అనే రహస్య పోలీసు వ్యవస్థకు అధిపతి. ఒకే వ్యక్తి భయానికీ ఆదరణకూ పెద్ద కావడంలోని వైరుధ్యం ఆ సంస్థకు వారసత్వంగా సంక్రమించింది.

చేకా స్థానంలో వచ్చిన ఓజీపీయూ 1924లో మాస్కో సమీపంలోని బొల్షెవోలో ఒక శ్రామిక కమ్యూన్‌ను నెలకొల్పింది. మత్వేయ్ పొగ్రెబీన్‌స్కీ దాని నిర్వాహకుడు. జైళ్లలోని యువ నేరస్థులను అక్కడికి తెచ్చి కాపలా లేకుండా ఉంచి, పాదరక్షలు, క్రీడా సామగ్రి తయారుచేసే పనులు నేర్పారు. ఎక్ చిత్రానికి ప్రధానమైన ఆధారం ఈ కమ్యూన్ల అనుభవమే. వాటిలోని బాలురు కొందరు తెరమీద కూడా కనిపిస్తారు. చిత్రాన్ని 1926లో మరణించిన జెర్జీన్‌స్కీ స్మృతికి అంకితం చేయడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

నమ్మకం అనే పద్ధతి

కథాకాలం 1923. జిగాన్ అనే ముఠా నాయకుడి కింద ముస్తఫా మొదలైన బాలురు దొంగతనాలు చేస్తుంటారు. నడివీధిలో ఒక స్త్రీ వెనుక నిలబడి ఆమె కోటు మీది బొచ్చుతోలును ముస్తఫా చతురస్రంగా కోసుకుపోయే సన్నివేశం ప్రేక్షకులను నవ్విస్తుంది. నేరంలో కూడా హస్తలాఘవం, చొరవ, హాస్యం ఉన్నాయని చూపడం దర్శకుని ఉద్దేశం. సంస్కారం వీటిని చంపకూడదు, పనికి మళ్లించాలి. కోల్కా కథ ఇందుకు భిన్నమైనది. వీధిపిల్లల దొంగతనం సందర్భంగా అతని తల్లి ప్రాణాలు కోల్పోతుంది. తండ్రి తాగుడులో పడి కొడుకును కొడతాడు. కోల్కా ఇల్లు విడుస్తాడు. ఒక కుటుంబం ఎంత తేలికగా చెదిరి బాలుణ్ణి వీధిలోకి తోస్తుందో ఈ పాత్ర ద్వారా తెలుస్తుంది. బాలనేరానికి పుట్టుకలో మూలం వెతికే వాదాలను చిత్రం ఉపన్యాసం లేకుండానే తోసిపుచ్చుతుంది.

పోలీసుల గాలింపులో దొరికిన బాలురను సెర్గేయెవ్ అనే అధికారి కమ్యూన్‌కు తీసుకుపోతాడు. ఈ పాత్రను నికొలాయ్ బతాలొవ్ పోషించాడు. ప్రయాణానికి ముందు సెర్గేయెవ్ ముస్తఫా చేతికి డబ్బిచ్చి ఆహారం కొనుక్కురమ్మంటాడు. పారిపోవడానికి ఏ అడ్డంకీ లేదు. వేచిచూసే సెర్గేయెవ్ ముఖంలో ఆందోళన కనిపిస్తుంది. చివరి నిమిషంలో ముస్తఫా తిరిగివస్తాడు. చిత్రపు నైతిక కేంద్రం ఈ ఘట్టమే. నమ్మినవాడికి కూడా భయం ఉందని చూపడం వల్ల ఆ నమ్మకానికి విలువ వచ్చింది. ఫలితం ముందే తెలిసిన నమ్మకమైతే అది ఉపాయం మాత్రమే అయ్యేది.

పూర్వపు మఠంలో నెలకొన్న కమ్యూన్‌లో ఈ నమ్మకానికి మరో పరీక్ష ఎదురవుతుంది. ముడిసరుకు అందక పనులు నిలిచిపోతే బాలురు చేతిలోని పరికరాలనే ధ్వంసం చేస్తారు. వారికి శిక్షకు బదులు ఇంకా పెద్ద పని దొరుకుతుంది. కమ్యూన్ నుండి పట్టణానికి రైలుమార్గం నిర్మించే పథకం అది. దొంగతనానికి అడ్డాగా ఉన్న రైలు ఇప్పుడు సొంత శ్రమకు ఫలమవుతుంది. ప్రారంభోత్సవానికి ముందు రాత్రి ముస్తఫా ఒంటరిగా ట్రాలీ బండిమీద పోతుండగా జిగాన్ దారికాచి అతణ్ణి చంపుతాడు. మరునాడు తొలి రైలు అతని శవాన్ని ముందు మోసుకుంటూ వస్తుంది.

దాదాపు అదే కాలంలో అమెరికాలో వచ్చిన విలియం వెల్‌మన్ చిత్రం 'వైల్డ్ బాయ్స్ ఆఫ్ ది రోడ్' (1933) తో పోల్చితే ఒక భేదం స్పష్టమవుతుంది. ఆర్థిక మాంద్యం వల్ల ఇళ్లు విడిచి గూడ్సు రైళ్లలో తిరిగే పిల్లల కథ అది. దయగల న్యాయమూర్తి ముందు ముగుస్తుంది. అక్కడ పరిష్కారం ఒక మంచి మనిషి తీర్పులో ఉంది. ఎక్ చిత్రంలో అది సమష్టి శ్రమలో ఉంది. రెండింటిలోనూ చివరి మాట రాజ్యానిదే కావడం గమనార్హం.

వీధిపాటకు దక్కిన చోటు

పావెల్ తాగేర్ రూపొందించిన ధ్వనిముద్రణ విధానంతో ఈ చిత్రం తయారైంది. పూర్తి సంభాషణ చిత్రం కాదిది. మూకీలనాటి రాతఫలకాలు ఇందులో కొనసాగాయి. మాస్కో ఆర్ట్ థియేటర్ నటుడు వసీలి కచాలొవ్ గొంతు ఆరంభ, ముగింపు వాక్యాలను చదువుతుంది. శిక్షితమైన ఆ రంగస్థల స్వరానికీ, వీధిబాలుర యాసకూ, జిగాన్ పాత్రధారి మిఖాయిల్ జారొవ్ పాడే దొంగల పాటలకూ మధ్య ఉన్న అంతరం చిత్రానికి సామాజికమైన లోతు ఇచ్చింది. దిక్కులేని బాలుని గోడు చెప్పే వీధిపాట ఈ చిత్రంతో మరింత ప్రచారం పొందింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక సమకాలీన భేదం స్ఫురిస్తుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సురభి నాటక సంప్రదాయం నుండి కథనూ, గానాన్నీ తీసుకుంది. అంతకుముందే ప్రజల నాలుకలమీద ఉన్న రంగస్థల వాణికి అక్కడ టాకీ వాహకమైంది. మాస్కోలో అంతవరకు ఏ వేదికా ఎక్కని గొంతుకు కొత్త యంత్రం చోటిచ్చింది. రెండు సందర్భాల్లోనూ యంత్రం కొత్తది, పాట పాతది.

ముగింపు దృశ్యంలో ధ్వని చేసిన పని ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఉత్సవ కోలాహలం మధ్య రైలు వస్తుంది. శవం కనబడగానే సంబరం ఆగిపోతుంది. మెల్లగా నిలిచే ఇంజను నిట్టూర్పు మిగులుతుంది. శబ్దం చేతికి వచ్చిన తొలి సంవత్సరాల్లోనే నిశ్శబ్దం విలువ గ్రహించిన దర్శకత్వం ఇది. 1932లో వెనిస్‌లో జరిగిన తొలి చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల ఓటింగు ఎక్‌ను ఉత్తమ దర్శకునిగా ఎన్నుకుంది.

పత్రం రద్దు

కథను 1923లో ఉంచడం వల్ల వీధిబాలల సమస్య గడిచిపోయిన ఘట్టమన్న భావం కలుగుతుంది. చిత్రం తయారైన కాలంలోనే బలవంతపు సమష్టి వ్యవసాయం పల్లెలను చెదరగొడుతోంది. 1932-33 కరవు మళ్లీ వేలాది బాలలను వీధుల్లోకి తెచ్చింది. ఈసారి రాజ్యం ప్రతిస్పందన వేరు. 1935 ఏప్రిల్ 7 నాటి శాసనం దొంగతనం, హింస, హత్య వంటి నేరాలలో 12 ఏళ్లు నిండిన బాలలను క్రిమినల్ న్యాయస్థానాలకు అప్పగించి, అన్ని శిక్షలూ వర్తింపజేసింది. 1918 శాసనం వెనుక ఉన్న సిద్ధాంతానికి ఇది పూర్తి విరుద్ధం. తెరమీది ముస్తఫా 1935లో పట్టుబడి ఉంటే అతణ్ణి కమ్యూన్‌కు తీసుకుపోయే సెర్గేయెవ్ ఎదురుపడేవాడన్న హామీ లేదు.

చిత్రంతో సంబంధం ఉన్న మనుషుల గతి ఇంతకంటె విషాదకరం. బొల్షెవో నిర్వాహకుడు పొగ్రెబీన్‌స్కీ 1937లో ఆత్మహత్య చేసుకున్నాడు. అదే ప్రక్షాళనలో కమ్యూన్ కూడా ఛిన్నాభిన్నమైంది. అక్కడ మారిన మనుషులుగా పేరుపొందినవారు చాలామంది అరెస్టయ్యారు. ముస్తఫా పాత్రధారి యివాన్ కిర్లా వృత్తిచేత కేవలం నటుడు కాడు. వోల్గా ప్రాంతపు చిన్న భాషలలో ఒకటైన మారిలో కవిత్వం రాసి సంపుటాలు ప్రచురించిన కవి. 1937లో అతణ్ణి అరెస్టు చేశారు. 1943లో నిర్బంధ శిబిరంలో మరణించాడు. నిర్దోషి అన్న ప్రకటన మరణానంతరం వచ్చింది. చిత్రం కీర్తించిన సంస్థ ఓజీపీయూ. 1934లో అది ఎన్‌కేవీడీలో లీనమైంది. కిర్లాను నిర్బంధించింది ఆ ఎన్‌కేవీడీయే.

ఈ చిత్రాన్ని కేవలం ప్రచార చిత్రమని తోసివేయడం సులభం. అలా తోసివేస్తే, నేరం చేసిన బాలుడి చేతిలో డబ్బుపెట్టి ఎదురుచూసిన ఘట్టంలోని మానవీయ సత్యం చేజారుతుంది. ఆ పద్ధతి కొంతకాలం నిజంగా అమలైంది, కొందరు బాలురు నిజంగా మారారు. మరోవైపు, దానిని నిష్కల్మషమైన ఆశాగీతంగా చదవడానికి శీర్షికే అడ్డుపడుతుంది. బాలునికి జీవించే హక్కు అతనికి స్వతహాగా ఉన్నదిగా కాక, ఒక సంస్థ మంజూరు చేసినదిగా చిత్రం ఊహించింది. నమ్మకానికి చట్టం రక్షణ లేనప్పుడు అది నమ్మినవాని సద్బుద్ధి ఉన్నంతకాలమే నిలుస్తుంది. 1918 శాసనం ఆ రక్షణ ఇవ్వబోయింది. 1935 శాసనం దానిని తొలగించింది. ఆ రెండింటి నడుమ వచ్చిన ఈ తొలి టాకీ, బాలనేరం గురించి ఒక సమాజం ఎంత ఉదారంగా ఆలోచించగలిగిందో, ఆ ఔదార్యాన్ని ఎవరి చేతిలో ఉంచిందో రెండింటికీ సాక్ష్యంగా మిగిలింది.